మిద్దె మీది ఉమ్మడి డిష్, గోడలోని సొంత తీగ: ఒక సంవాదం

ఉమ్మడి పక్షం: హైదరాబాద్‌లో బల్కంపేట ఎల్లమ్మ గుడి చుట్టుపక్కల సందుల్లోనూ, అమీర్‌పేట, పంజాగుట్ట పెద్ద రోడ్ల వెనకాలా 1980లలో, 1990లలో కట్టిన నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లలో టీవీ బొమ్మ ఆగిపోయినప్పుడు తప్పు మొదట మబ్బుల మీదికి, ఆ తర్వాత ప్రసారాలు అందించే కంపెనీ మీదికి పోతుంది గానీ, లోపం చాలా సందర్భాల్లో ఆ రెండు చోట్లా ఉండదు. మిద్దె మీది డిష్‌కూ ఇంట్లోని టీవీకీ నడుమ సాగిన తీగలోనో, దాని కనెక్టర్లలోనో, ఏ పాత అద్దెదారో రెండో గదిలో టీవీ కోసం తగిలించి వెళ్లిన స్ప్లిటర్‌లోనో అది దాగి ఉంటుంది. స్ప్లిటర్ అంటే ఒక తీగలో వచ్చే సంకేతాన్ని రెండు లేదా అంతకు మించిన దారులకు పంచే చిన్న లోహపు డబ్బా. రెండు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో దారికి దక్కేది వచ్చిన శక్తిలో సగం కూడా ఉండదు. ఇలాంటి భవనంలో ప్రతి ఇంటివారూ తమ తీగను తమకు తోచిన దారిన లాక్కున్నందువల్ల, పిట్టగోడ మీదుగా కిందికి దిగే కట్టలో ఏది ఎవరిదో, ఏది పనిచేస్తున్నదో, ఏది ఇల్లు ఖాళీ అయిన నాటి నుంచి ఊరికే వేలాడుతున్నదో చెప్పగలవారు ఎవరూ మిగలరు. తీగల అమరిక తెలియని చోట లోపాన్ని వెతకడమంటే ఊహించడమే కాబట్టి, మిద్దె మీద ఒకే డిష్‌ల సముదాయం, మెట్ల పక్కన ఒకే నిలువు మార్గం, ప్రతి అంతస్తులో తాళం ఉన్న ఒక పంపిణీ పెట్టె ఉండే ఉమ్మడి వ్యవస్థ ఒక్కటే పాత భవనానికి నిలకడైన మరమ్మతు.

విడి పక్షం: లోపం తీగలోనే ఉంటుందన్న మాట నిజమే, దాని నుంచి తీసిన ముగింపు మాత్రం దానంతట అది రాదు. లోపాన్ని పట్టుకోవడానికి ఏ అమరిక అనువైనదన్నది ఒక ప్రశ్న, లోపం వచ్చిన రోజున ఎన్ని ఇళ్లలో టీవీ ఆగాలన్నది ఇంకొక ప్రశ్న. సొంత తీగ తెగితే ఒక్క ఇంటి టీవీ ఆగుతుంది, ఆ ఇంటివారే మనిషిని పిలిపించి బాగు చేయించుకుంటారు. నిలువు మార్గంలోని ఉమ్మడి తీగ తెగితే ఆ వరుస మొత్తం ఆగుతుంది, గాలివానకు ఉమ్మడి డిష్ రెండు డిగ్రీలు పక్కకు తిరిగితే భవనమే ఆగుతుంది.

పైగా ఈ నగరం టీవీ చూడటం నేర్చుకున్నది సొంత యాంటెన్నాతోనే. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనప్పటి నుంచి కేబుల్ వచ్చేదాకా, ఆ కేంద్రం ఉన్న రామంతాపూర్ ఇక్కడికి తూర్పు ఆగ్నేయంగా నేరుగా సుమారు 11 కిలోమీటర్లే కావడంతో, అమీర్‌పేట మిద్దెల మీద ఇంటికొకటి చొప్పున యాగీ యాంటెన్నాలు అటువైపు తిరిగి నిలబడేవి. జపానులో 1926లో షింతారో ఉదా, హిడెత్సుగు యాగీ వెలుగులోకి తెచ్చిన ఈ యాంటెన్నాలో సంకేతాన్ని అందుకునే కడ్డీ ఒకటి, దాని వెనక తరంగాన్ని తిరిగి ముందుకు మళ్లించే కడ్డీ ఒకటి, ముందువైపు దిశకు పదును పెట్టే పొట్టి కడ్డీలు కొన్ని ఉంటాయి. దాని నుంచి రెండు పాయల చదునైన తీగ ఇంట్లోకి దిగేది. ఆ తీగ కొనన చాలా ఇళ్లలో ఇదే నగరంలో ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ ఉండేది. అసోసియేషన్ తీర్మానాలు లేకుండా, ఉమ్మడి ఖర్చు లేకుండా సామాన్య గృహస్థులు ఆ ఏర్పాటును ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నారు.

ఉమ్మడి పక్షం: నిలబెట్టుకోగలిగింది అప్పటి బొమ్మ తన జబ్బును తానే చెప్పేది కనుక. అనలాగ్ ప్రసారంలో, అంటే బొమ్మలోని వెలుగునీడలే తరంగపు హెచ్చుతగ్గులుగా ప్రయాణించే పద్ధతిలో, ప్రతి లోపానికీ తెర మీద ఒక ఆనవాలు పడేది. తెరంతా చుక్కలు చుక్కలుగా మసకబారితే సంకేతం బలహీనమని అర్థం. అసలు బొమ్మకు కుడిపక్కన మరో నీడ బొమ్మ కనిపిస్తే తరంగం ఏదో గోడకు తగిలి కొంచెం ఆలస్యంగా రెండోసారి వచ్చిందని అర్థం. ఆ గోడ ఎంత దూరంలో ఉందో కూడా స్కేలు పెట్టి కొలవవచ్చు. తెర మీద కనిపించే ఒక అడ్డగీత పూర్తయ్యే కాలం 52 మైక్రోసెకన్లు, మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు. తెర వెడల్పు 52 సెంటీమీటర్లయితే ఒక్కో సెంటీమీటరు ఒక్కో మైక్రోసెకను, ఆ వ్యవధిలో తరంగం 300 మీటర్లు పోతుంది కాబట్టి, నీడ బొమ్మ ఒక సెంటీమీటరు జరిగి ఉంటే, ఆ తరంగాన్ని తిప్పికొట్టిన కట్టడం యాంటెన్నాకు సరిగ్గా వెనకవైపు 150 మీటర్ల దూరంలో ఉండే అవకాశం ఉంది. నీడ బొమ్మ ఎడమపక్కన వస్తే అది వేరే కథ: యాంటెన్నా నుంచి తీగలో రావలసిన సంకేతానికంటే ముందే గాలిలోని తరంగం నేరుగా టీవీలోకి దూరుతున్నదని, తీగ కవచం పాడైందని తెలిసిపోయేది. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ అలజడి తీగలోకి చేరితే తెర మీద వెడల్పాటి అడ్డపట్టీ మెల్లగా పైకి పాకేది.

ఇప్పుడు ఆ ఆనవాళ్లేవీ లేవు. హైదరాబాద్ కేబుల్ ప్రసారాలకు 2013 మార్చి 31 గడువుతో డిజిటల్ పద్ధతి తప్పనిసరి అయింది. దూరదర్శన్ అనలాగ్ భూతల ట్రాన్స్‌మిటర్లు కూడా 2022 నాటికి దేశమంతటా కొద్ది చోట్ల తప్ప మూతపడ్డాయి. డిజిటల్ ప్రసారంలో బొమ్మ అంకెలుగా వస్తుంది, దారిలో తప్పిపోయిన అంకెలను కొంతవరకు సెట్‌టాప్ బాక్స్ లెక్కకట్టి సరిచేసుకుంటుంది. ఆ సరిచేసుకునే శక్తి ఉన్నంతసేపు బొమ్మ నిగనిగలాడుతూ ఉంటుంది, అది దాటిన మరుక్షణం బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, మొత్తానికే ఆగిపోతుంది. కాబట్టి ఏళ్ల తరబడి లోలోపల తుప్పు పడుతున్న తీగ చివరి రోజుదాకా ఏమీ చెప్పదు, చెప్పిన రోజున అన్ని జబ్బులకూ ‘నో సిగ్నల్’ అన్న ఒక్క మాటే చెబుతుంది. ఇక మిగిలింది కొలత. మీటరుతో రెండు విషయాలు కొలవాలి: సంకేతం ఎంత బలంగా ఉందన్నది ఒకటి, అందులో అసలుకూ అలజడికీ నిష్పత్తి ఎంతన్నది, అంటే నాణ్యత, రెండోది. ఆ కొలతలు మిద్దె దగ్గరా, ప్రతి అంతస్తులోనూ, ఇంటి గుమ్మం దగ్గరా తీసి ఒకదానితో ఒకటి పోల్చాలి. పోల్చడానికి వీలైన చోట్లు ఉమ్మడి వ్యవస్థలో కట్టినప్పుడే ఏర్పడతాయి. పిట్టగోడ మీద నుంచి నేరుగా మూడో అంతస్తు కిటికీలోకి దూరిన తీగకు మధ్యలో కొలిచే చోటేదీ ఉండదు.

విడి పక్షం: బొమ్మ మూగబోయిందన్నది ఒప్పుకోవలసిన మాటే, కొలత కావాలన్నదీ అంతే. కానీ కొలిచే చోటు లేకపోవడం విడి తీగకు లోటు కాదు, ఎందుకంటే దానికి రెండు కొసలే ఉంటాయి, వెతకవలసింది ఆ రెండింటి మధ్యే. పైన డిష్ దగ్గర ఒక చిన్న కొత్త తీగతో మీటరు తగిలిస్తే సంకేతం బాగుందా లేదా తెలుస్తుంది. బాగుంటే డిష్‌నూ ఎల్‌ఎన్‌బీనీ వదిలేయవచ్చు. ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ముందు చేతికి బిగించిన చిన్న పెట్టె, ఉపగ్రహం నుంచి వచ్చే అతి హెచ్చు పౌనఃపున్యాన్ని తీగలో ప్రయాణించగల 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌ల స్థాయికి దించేది అదే. పక్కింటి సెట్‌టాప్ బాక్స్ తెచ్చి ఈ తీగకు పెట్టినా బొమ్మ రాకపోతే బాక్స్‌కూ దోషం లేదని తేలుతుంది. ముగ్గురు అనుమానితుల్లో ఇద్దరు ఇలా తప్పుకున్నాక మిగిలేది తీగే, దాన్ని మార్చే ఖర్చు దాన్ని పరిశోధించే ఖర్చు కంటే తక్కువ.

మరో రెండు ఆనవాళ్లు డిజిటల్ కాలంలోనూ మిగిలే ఉన్నాయి, వాటిని చదవడానికి మీటరు కూడా అక్కర్లేదు. జోరువానలో బొమ్మ పోయి, వాన తగ్గిన కొన్ని నిమిషాలకే తిరిగి వస్తే అది వాన చినుకులు తరంగాన్ని పీల్చుకోవడం వల్ల వచ్చిన ఆటంకం, మరమ్మతు చేయవలసింది పెద్దగా లేదు. వాన వెలిసి, మర్నాడు ఎండ కాసేదాకా బొమ్మ రాకపోతే కనెక్టర్‌లోకో తీగలోకో నీళ్లు దిగాయి. రెండో ఆనవాలు, కొన్ని చానళ్లు వచ్చి కొన్ని రాకపోవడం. సెట్‌టాప్ బాక్స్ అదే తీగ ద్వారా పైకి 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువు ధ్రువణంలోని ప్రసారాలను, 18 పంపితే అడ్డ ధ్రువణంలోని వాటిని ఎంచుకుంటుంది. ధ్రువణమంటే తరంగం కంపించే తలం. తుప్పు పట్టిన కీళ్ల దగ్గర ఆ 18 వోల్టులు కరిగి 14కు దగ్గరగా పడితే ఎల్‌ఎన్‌బీ దాన్ని 13గానే ఎంచుతుంది, రెండు ధ్రువణాలూ వాడే ఉపగ్రహం నుంచి సగం చానళ్లు మాయమవుతాయి. ఆ కీలును విప్పి చూస్తే కథంతా అందులోనే కనిపిస్తుంది: చేత్తో మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు, టేపు జిగురు ఎండకు కరిగి నల్లటి ముద్దై ఉంటుంది, కవచంగా ఉండవలసిన రాగి అల్లిక పచ్చగా పొడి రాలుతుంటుంది, ఆ అల్లికలోని ఒక వెంట్రుక వంటి పోగు నడిమి తీగను తాకీ తాకనట్టు వంగి ఉంటుంది. దాన్ని కోసివేసి, వానకు తట్టుకునే కనెక్టర్ ఒకటి బిగించి, దాని ముందు తీగను కొంచెం కిందికి వంపుగా వదిలితే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఈ పనికి అసోసియేషన్ సమావేశం అవసరం లేదు.

ఉమ్మడి పక్షం: వెతికే పద్ధతిలో వంక పెట్టవలసింది లేదు, ఉమ్మడి వ్యవస్థలోనూ సమర్థుడైన పనివాడు చేసేది అదే. ప్రశ్న ఆ అతుకు అక్కడికి ఎలా వచ్చిందన్నది. ఎవరి డిష్ వారిదైన మిద్దె మీద పదుల కొద్దీ కనెక్టర్లు వేర్వేరు చేతుల్లో, వేర్వేరు సంవత్సరాల్లో, దొరికిన తీగతో తయారవుతాయి, వాటిలో ప్రతిదీ ఒక రోజు ఆ పచ్చటి పొడిగా మారుతుంది. ప్రతి డిష్‌కూ స్లాబుకో పిట్టగోడకో నాలుగు బోల్టులు దిగుతాయి. పాత స్లాబులో ఆ బెజ్జాల్లోంచి దిగిన నీరు పై అంతస్తు ఇంటి పైకప్పు పెచ్చులు ఊడటానికి కారణమైనప్పుడు ఆ నష్టాన్ని భరించేది డిష్ యజమాని కాదు. పిడుగుపాటు నుంచి రక్షణకు డిష్‌ల లోహపు చట్రాలను భూమికి కలిపే ఎర్తింగ్ ఉండాలి. ఉమ్మడి చట్రం ఒక్కటి ఉంటే దానికి ఐఎస్ 3043 ప్రమాణం ప్రకారం ఎర్తింగ్ చేయించవచ్చు, ముప్పై విడి డిష్‌లకు చేయించిన భవనం కనపడటం అరుదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అద్దె వస్తుందని చాలా భవనాల మిద్దెల మీద మొబైల్ టవర్లకు చోటిచ్చారు. ఫోన్లు వాడే 1,800 మెగాహెర్ట్జ్‌ల పట్టీలో టవర్ పంపే తరంగాలు 1,805 నుంచి 1,880 వరకు ఉంటాయి, డిష్ తీగలో ప్రయాణించే సంకేతం 950 నుంచి 2,150 వరకు ఉంటుంది, అంటే మొదటిది రెండోదాని కడుపులోనే ఉంది. తీగ కవచం గట్టిగా ఉన్నంతకాలం ఇవి కలవవు. అల్లిక పలచగా ఉన్న చవక తీగ ఆ టవర్ పక్కనుంచే పోతే, ఫోను తరంగం లోపలికి చొరబడి సరిగ్గా ఆ పౌనఃపున్యం మీద వచ్చే కొద్ది చానళ్లనే చెడగొడుతుంది. ఇంటాయన బాక్స్ మారుస్తాడు, ఎల్‌ఎన్‌బీ మారుస్తాడు, చివరికి కంపెనీనే మారుస్తాడు, లోపం మాత్రం పోదు. ఉమ్మడి ఖర్చుతో మంచి కవచమున్న తీగను ఒకే లోహపు గొట్టంలోంచి దించితే ఆ లోపం పుట్టనే పుట్టదు. వాన విషయమూ అంతే: ఒక్కో ఇంటికి 60 సెంటీమీటర్ల డిష్ పెట్టే బదులు అందరికీ కలిపి 120 సెంటీమీటర్ల డిష్ ఒకటి పెడితే వైశాల్యం నాలుగింతలవుతుంది, అందే సంకేతం ఆరు డెసిబెల్‌లు పెరుగుతుంది. డెసిబెల్ అంటే నిష్పత్తిని తెలిపే కొలత. మూడు డెసిబెల్‌లు పెరిగితే శక్తి రెట్టింపు, పది పెరిగితే పదింతలు. ఆ ఆరు డెసిబెల్‌ల మిగులుతో జులై, ఆగస్టు వానల్లో చాలా సాయంత్రాలు బొమ్మ నిలబడుతుంది.

విడి పక్షం: ఏ ఉపగ్రహం వైపు తిప్పాలి ఆ పెద్ద డిష్‌ను? నెలనెలా డబ్బు కట్టనక్కర్లేని దూరదర్శన్ ఫ్రీడిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలోని జీశాట్-15 నుంచి వస్తుంది; హైదరాబాద్ నుంచి లెక్కగడితే అది ఆగ్నేయంగా, నేలకు సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 83 డిగ్రీల స్థానం దాదాపు దక్షిణానికి, 69 డిగ్రీల ఎత్తున; 108.2 డిగ్రీల స్థానం తూర్పు ఆగ్నేయానికి, 50 డిగ్రీల ఎత్తున. ఒక్కో కంపెనీ ఒక్కో స్థానాన్ని వాడుతున్నప్పుడు, ఒకే భవనంలో మూడు నాలుగు కంపెనీల చందాదారులు ఉన్నప్పుడు, ఉమ్మడి డిష్ ఒకటి చాలదు, కంపెనీకొకటి కావాలి. లేదా అందరూ ఒకే కంపెనీకి మారాలి, అలా మారమనే హక్కు ఏ అసోసియేషన్‌కూ లేదు. ఇదే లెక్క విడి డిష్‌కు మరో మేలు చేస్తుంది. ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు, ఎదురుగా 20 మీటర్లు ఎత్తైన గోడ ఉన్నా అది పది మీటర్ల కంటే దగ్గరగా ఉంటేనే అడ్డు వస్తుంది. కాబట్టి ఆగ్నేయం వైపు బాల్కనీ ఉన్న ఇంటికి మిద్దెతోనే పని లేదు, తీగ అయిదు మీటర్లు దాటదు.

ఇక అసలు చిక్కు సాంకేతికం కాదు, యాజమాన్యం. అమీర్‌పేట, బల్కంపేటల్లో పాత అపార్ట్‌మెంట్లు ఎన్నో ఇప్పుడు అపార్ట్‌మెంట్లుగానే లేవు. సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చే యువతీయువకుల కోసం ఫ్లాట్లకు ఫ్లాట్లు హాస్టళ్లయ్యాయి, మొదటి అంతస్తులు శిక్షణ కేంద్రాలయ్యాయి, యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు, ఇంట్లో ఉన్న అద్దెదారుకు రెండేళ్ల తర్వాతి సంగతి పట్టదు. పైకప్పు, మెట్లు, నడవలు ఉమ్మడి భాగాలని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెబుతున్నా, ఉమ్మడి భాగమైన మిద్దెకు తాళం వేసి తాళంచెవి దగ్గర పెట్టుకునేవారు ఒకరుంటారు. అలాంటి చోట ఉమ్మడి వ్యవస్థ మొదటి ఏడాది పనిచేస్తుంది. సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్‌కు కరెంటు ఎవరి మీటరు నుంచన్న తగాదాతో రెండో ఏడాది ఆగుతుంది. ఆగిన తర్వాత ఒక్కొక్కరే మళ్లీ తమ డిష్ తెచ్చి అదే పిట్టగోడకు బిగిస్తారు, ఇప్పుడు చనిపోయిన ఉమ్మడి తీగ కూడా ఆ కట్టలో ఒకటవుతుంది.

ఉమ్మడి పక్షం: ఆ ముగింపు ఎన్నో భవనాల్లో నిజమైందని ఒప్పుకోకుండా ఈ వాదన ముందుకు సాగదు. అయితే అదే భవనంలో, అదే యజమానులు, అదే అద్దెదారులు, అదే తాళంచెవి తగాదా ఉండగానే మిద్దె మీద ఒక ఉమ్మడి నీళ్ల ట్యాంకు ఏళ్లుగా నిండుతూ ఉంది, మోటారు కాలిపోయిన రోజు సాయంత్రానికల్లా చందా పోగవుతుంది. ఇంటికొక ట్యాంకు పెట్టుకుందామని ఎవరూ అనలేదు. ఉమ్మడి ఆస్తిని కాపాడుకోలేని మనుషులని ముందే తీర్పు చెప్పడం సరికాదు. టీవీ తీగను ఇంతవరకు ఎవరూ ఆ వరుసలో చేర్చి చూడలేదన్నదే న్యాయమైన మాట.

ఉపగ్రహాల సంగతికి ఏర్పాటు ఉంది. మల్టీస్విచ్ అనే పెట్టె ఒక్కో డిష్ నుంచి నాలుగు తీగలు తీసుకుంటుంది. రెండు ధ్రువణాలూ, ఒక్కో ధ్రువణంలో కింది పట్టీ, పై పట్టీ కలిపి నాలుగు. ఏ ఇంటి బాక్స్ 13 వోల్టులు పంపినా, 18 పంపినా, దానికి కావలసిన పాయను ఆ పెట్టే అందిస్తుంది కాబట్టి, ఇంటివారు తమ బాక్స్, తమ కార్డు, తమ చందా యథాతథంగా ఉంచుకోవచ్చు. రెండు స్థానాలకు రెండు డిష్‌లు, మూడింటికి మూడు. అవి ముప్పై డిష్‌ల స్థానంలో వస్తున్నవి. కరెంటు తగాదా మాత్రం నిజమైనది. మల్టీస్విచ్‌కు మెట్ల దీపాల మీటరు నుంచి కరెంటు ఇచ్చి, ఆ ఖర్చును మెయింటెనెన్స్‌లో రాసుకోకపోతే ఈ వ్యవస్థ పెట్టకపోవడమే మేలు.

విడి పక్షం: నీళ్లు లేకుండా ఒక పూట గడవదు, టీవీ లేకుండా గడుస్తుంది, చందా ఒకదానికి పోగై మరోదానికి కాకపోవడానికి కారణం అదే. ఇప్పటి హాస్టల్ కుర్రవాడికి టీవీ అంటే చేతిలోని ఫోనే. తగ్గిపోతున్న టీవీ ప్రేక్షకుల కోసం భవనమంతా గోడలు తొలచమనడం కష్టం.

ఇంకో లెక్క కూడా చూడవలసి ఉంది. ఇళ్లకు సాధారణంగా వాడే ఆర్‌జీ-6 రకం తీగలో 1,000 మెగాహెర్ట్జ్‌ల దగ్గర 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్‌లు, 2,150 దగ్గర సుమారు 30 పోతాయి. అయిదంతస్తుల భవనంలో మిద్దె నుంచి మొదటి అంతస్తు టీవీ దాకా 30 మీటర్ల తీగ పడితే నష్టం ఆరు నుంచి తొమ్మిది డెసిబెల్‌లే, ఏ బాక్స్ అయినా తట్టుకుంటుంది. ఉమ్మడి వ్యవస్థలో అదే ఇంటికి చేరేలోగా సంకేతం మల్టీస్విచ్, అంతస్తు పెట్టె, గోడ సాకెట్ దాటాలి, ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది, ప్రతి మెట్టూ ఒక కొత్త కీలు. అయితే ఈ లెక్క పొడవాటి భవనాల్లో తిరగబడుతుందని చెప్పక తప్పదు. రెండు మూడు బ్లాకులు కలిసి ఒకే మిద్దెగా సాగిన చోట, ఆగ్నేయం మూలనున్న డిష్ నుంచి వాయవ్యం మూలనున్న ఇంటికి 90 మీటర్ల తీగ అవసరమైతే, పై పౌనఃపున్యాల దగ్గర 27 డెసిబెల్‌లు పోతాయి, అంటే బయలుదేరిన శక్తిలో అయిదువందల్లో ఒక వంతే మిగులుతుంది. అక్కడ లావుపాటి ఆర్‌జీ-11 తీగతో, మధ్యలో యాంప్లిఫయర్‌తో ఉమ్మడిగా తీసుకుపోవడానికి మించిన దారి విడి పక్షం దగ్గర లేదు.

ఉమ్మడి పక్షం: టీవీ తగ్గిపోతున్నదన్న మాట హాస్టల్ గదికి చెల్లుతుంది, అదే భవనంలో నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దవారికి చెల్లదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషికి పొద్దుటి భక్తి కార్యక్రమం, మధ్యాహ్నం సీరియల్, రాత్రి దూరదర్శన్ యాదగిరి చానల్ వార్తలు ఆ రోజును మోసే మూడు స్తంభాలు. వాళ్ల తీగే చెడితే మిద్దె ఎక్కి చూడగలవారు ఆ ఇంట్లో ఉండరు. వచ్చిన మెకానిక్ ఏం చెబితే అది నమ్మి, చెడని ఎల్‌ఎన్‌బీకి డబ్బు కట్టేది వాళ్లే. విడి పద్ధతి ఇచ్చే స్వేచ్ఛ చేతనైనవారికి అందుతుంది, చేతకానివారికి అది ఒంటరితనంగా మారుతుంది.

వీధి కేబుల్‌కు మారిపొమ్మనడానికీ లేదు. 2025 ఆగస్టులో అదే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు కోల్పోయిన తర్వాత, నగరంలో కరెంటు స్తంభాలకు వేలాడే కేబుల్, ఇంటర్నెట్ తీగలను పెద్ద ఎత్తున కత్తిరించారు. ప్రాణం ముందు బొమ్మ ఎంత. అయినా వీధి తీగ మీద ఆధారపడిన ఇళ్లకు ఆ రోజుల్లో బొమ్మా పోయింది, ఇంటర్నెట్టూ పోయింది. మిద్దె మీది డిష్ ఉన్నవారికి రెండోది పోయినా మొదటిది నిలిచింది. ఆకాశం నుంచి నేరుగా అందుకునే ఏర్పాటును భవనం తన చేతిలో ఉంచుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

విడి పక్షం: మిద్దెను వదులుకోకూడదన్న మాటలో భేదం లేదు, అది ఉమ్మడి డిష్‌కు ఎంత వర్తిస్తుందో సొంత డిష్‌కూ అంతే వర్తిస్తుంది. మెట్లు ఎక్కలేని పెద్దవారి సంగతే నిజంగా బరువైనది, దానికి విడి పక్షం ఇచ్చే జవాబు అరకొరదే: పక్కింటివారి సాయం. కానీ ఉమ్మడి వ్యవస్థ ఆగిన రోజున, కమిటీ మారి, కాంట్రాక్టు మనిషి ఫోను ఎత్తని రోజున, ఆ పెద్దవారు ఎవరిని పిలవాలన్నదీ ఆలోచించవలసిందే. సొంత తీగ ఉంటే కనీసం డబ్బిచ్చి మరొకరిని పిలిపించుకోవచ్చు. ఉమ్మడి పెట్టె తాళం తీయడానికి వారికి అధికారం ఉండదు.

ఉమ్మడి పక్షం: అయితే తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండాలి, మరమ్మతుకు వచ్చిన ఏ మెకానిక్‌కైనా పెట్టె తెరిచి చూపాలి. తీగల పటం అసోసియేషన్ ఫైలులో ఉంటే చాలదు, అది కమిటీతో పాటే కనుమరుగవుతుంది. ప్రతి తీగకూ రెండు కొసలా ఫ్లాటు నంబరు చెరిగిపోని అక్షరాల్లో కట్టి ఉండాలి, పెట్టె తలుపు లోపలివైపు కొలతలు తేదీతో సహా రాసి ఉండాలి, తర్వాత వచ్చేవాడు తన కొలతను వాటితో పోల్చుకోవాలి.

విడి పక్షం: నంబర్ల చీటీలు రెండు కొసలా కట్టే పని రేపే మొదలుపెట్టవచ్చు, విడి తీగలకు అది ఇంకా ఎక్కువ అవసరం. ఎవరివీ కాని తీగలను, దూరదర్శన్ నాటి తుప్పు కడ్డీలతో సహా, దించివేయడానికీ అభ్యంతరం లేదు. ప్రతి తీగ కొసనూ ఒక వారం విప్పి ఉంచితే, ఎవరి టీవీ ఆగిందో వారే చెబుతారు, ఎవరూ చెప్పనిది కోసేయవచ్చు. ఆ కట్ట పలచబడ్డాక మెట్ల పక్కన ఖాళీ అయిన గొట్టంలో ఏం దించాలన్న దగ్గరే మళ్లీ తేడా వస్తుంది. అందులో ఇంటికొక కొత్త తీగ పట్టేంత చోటు ఉన్నప్పుడు, డిష్‌కు నాలుగు చొప్పున ఉమ్మడి తీగలు దించి మిగతా చోటు మూసేయడానికి విడి పక్షం సమ్మతించదు.

ఉమ్మడి పక్షం: ఇంటికొక తీగ దించితే ఆ గొట్టం ఈ ఏడాదే నిండిపోతుంది, రేపు గాజు తీగ, అంటే ఫైబర్, పైనుంచి ప్రతి ఇంటికీ దించవలసి వస్తే దానికి మళ్లీ పిట్టగోడే దారి అవుతుంది. డిష్‌కు నాలుగు చొప్పున ఉమ్మడి తీగలు దించి, మిగిలిన చోటును మూయకుండా ఖాళీగా ఉంచడానికి ఈ పక్షం సిద్ధమే. దాన్ని ఎవరి సొంత తీగకూ ఇవ్వడానికి సిద్ధంగా లేదు.